కింది గదికి వెచ్చని నేల

చికాగో శివార్లలో వుంటున్న ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. దాని సారాంశం యిది. ఆమె అత్తగారూ మామగారూ మే నెలలో గుంటూరునుంచి వస్తున్నారు. ఆరు నెలలు వుంటారు. పైన ఖాళీ గది లేదు. కింద బేస్‌మెంటులో పెద్ద హాలూ, దాని పక్కనే స్నానాల గదీ వున్నాయి. అందులో కొంత భాగం అడ్డుకట్టి పెద్దవారికి గది చెయ్యాలని వీరి ఆలోచన. "మా అత్తగారు యింట్లో చెప్పులు తొడగరు. మామగారు తెల్లవారుజామున నేలమీద కూర్చుని గంటసేపు పారాయణ చేస్తారు. మా చిన్నవాడికి ఉబ్బసం, వాడు తాతగారిని వదలడు. కింద వున్నది ఒట్టి కాంక్రీటు, మంచుగడ్డలా వుంటుంది. మందపాటి కార్పెట్టు వేస్తే సరిపోతుందని మావారు అంటున్నారు. దుకాణంలో అతను వినైలు పలకలు వేసుకోండి, నీళ్ళు పడ్డా చెడవన్నాడు. స్నేహితురాలు టైల్సే మంచివంటోంది. మీరేమంటారు?" అని అడిగారు. చివర ఒక చిన్న మాట కూడా చేర్చారు: "మమ్మల్ని కింద పడేశారని వాళ్ళు అనుకోకూడదు, అదే నా బెంగ."

ఇది అమెరికా యిళ్ళ గొడవ, మనకెందుకులే అని పేజీ తిప్పేయకండి. ఆ గదుల్లో పడుకోబోయేది యిక్కడినుంచి వెళ్ళే మనలాంటి అమ్మలూ నాన్నలే. మీ పిల్లలు అక్కడ యిల్లు కొన్నారంటే ఏదో ఒకరోజు ఈ ప్రశ్న మీ యింటికీ వస్తుంది. మా అబ్బాయి టొరంటో దగ్గర వుంటాడు. వాడి యింట్లో నేను రెండు చలికాలాలు గడిపాను గనక ఆ నేలల సంగతి నాకు కాస్త తెలుసు.

మన కథల్లో నేలమాళిగ అంటే లంకెబిందెలు దాచే చోటు. అక్కడ బేస్‌మెంటు పుట్టింది చలివల్ల. చలికాలంలో నేలలో వున్న నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది. పునాది పైపైన వుంటే ఆ ఉబ్బుకి యిల్లే లేచి బీటలు వారుతుంది. అందుకని మంచు దిగే లోతు దాటి పునాది తియ్యాలి. చికాగోలో అది 42 అంగుళాలు, టొరంటోలో దాదాపు 4 అడుగులు. ఎలాగూ అంత తవ్వుతున్నాం గదా, యింకో నాలుగడుగులు తవ్వితే ఒక అంతస్తు కలిసివస్తుందని తవ్వుకున్నారు. మొదట్లో అక్కడ బొగ్గూ బాయిలరూ వుండేవి. మనుషులు వుండడానికి కట్టిన చోటు కాదది. ఇప్పుడు మనం దాన్ని పడకగది చెయ్యబోతున్నాం. చిక్కంతా అక్కడే వుంది.

ఆ నేల ఎందుకంత చల్లన? కాంక్రీటు మట్టిని ఆనుకుని వుంటుంది. లోతుకు పోయినకొద్దీ మట్టి వేడి ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరవుతుంది. హైదరాబాదులో ఆ సగటు సుమారు 26 డిగ్రీలు, చికాగోలో 10 డిగ్రీల చుట్టుపక్కల. ఇంకో విశేషం కూడా వుంది. బయటి వేడి అంత లోతుకు దిగడానికి వారాలూ నెలలూ పడుతుంది. అందుచేత మే నెలలో పైన చెట్లు చిగిర్చి, ఎండ హాయిగా వుంటే, కింద నేల యింకా చలికాలంలోనే వుంటుంది. ఉత్తరం వ్రాసిన సోదరి అత్తమామలు దిగేది సరిగ్గా అప్పుడు. "మేలో వస్తున్నారు గదా, చలి వుండదు" అనుకుంటే పొరపాటు.

రెండోది, పాదానికి తెలిసే చలి. ఒకే గదిలో చెక్కపీటా రాతిపలకా వుంటే రెంటి వేడీ ఒక్కటే. కాని రాయిమీద కాలు పెడితే జిల్లుమంటుంది. రాయి మన ఒంటి వేడిని గబగబా లాగేస్తుంది, చెక్క లాగదు. మన మండువేసవిలో నాపరాళ్ళమీద పడుకుంటే వుండే సుఖం యిదే. అక్కడ అదే శిక్ష.

ఇక తేమ. చలికన్నా యిదే గడ్డు శత్రువు, ఎందుకంటే కంటికి కనిపించదు. కాంక్రీటు రాయిలా కనిపిస్తుందేగాని అందులో సన్నని రంధ్రాలుంటాయి. దీపపు వత్తి నూనెను పైకి పీల్చినట్టు అది మట్టిలోని చెమ్మను పీలుస్తుంది. ఆ చెమ్మ ఆవిరై పైకి వస్తుంది. ఇది మొదటి దారి. వాన కురిసినప్పుడో మంచు కరిగినప్పుడో గోడా నేలా కలిసే మూలలనుంచి నీరు రావడం రెండో దారి. మూడోది గాలిలోంచి. జూన్, జులై నెలల్లో అక్కడ ఉక్కపోత వుంటుంది. 27 డిగ్రీల గాలిలో తేమ 60 శాతం వుందనుకోండి, 18 డిగ్రీల నేల తగిలితే చాలు, మంచినీళ్ళ గ్లాసు బయట చెమర్చినట్టు నేల చెమరుస్తుంది. కోస్తాలో ముసురు రోజుల్లో నేల చెమర్చడం మీరూ చూసేవుంటారు. కనుక అక్కడ ఉక్కగా వున్నప్పుడు గాలి రావాలని బేస్‌మెంటు కిటికీలు తెరవడం మేలు కాదు, కీడు.

ఇప్పుడు "నీళ్ళకు చెడదు" అన్న మాట సంగతి చూద్దాం. దుకాణదారు అబద్ధం చెప్పలేదు. వినైలు పలక నీటిలో నానినా ఉబ్బదు. కాని ఆ మాట పైన ఒలికిన నీటి గురించి. బేస్‌మెంటులో నీరు వచ్చేది కిందనుంచి. పలక పాడవకపోవచ్చు, దాని కింద చిక్కుకున్న తేమ ఏంచేస్తుందన్నది అసలు ప్రశ్న. అందుకే ఈ సోదరికి నేను చెప్పేది ఒకటే: పైన ఏం పరవాలన్నది ఆఖరి ప్రశ్న. కింద ఏముందో చూడడం మొదటి ప్రశ్న.

చూడడం ఎలాగంటారా? ఖర్చులేని పరీక్ష ఒకటి వుంది. పారదర్శకంగా వుండే పాలిథిన్ కాగితం అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు కత్తిరించి, ఒట్టి కాంక్రీటుమీద పరిచి, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు అంటించండి. కనీసం 16 గంటలు వుంచాలి. రెండు మూడు రోజులు వుంచితే యింకా మంచిది. తర్వాత చూడండి. కాగితం అడుగున చెమ్మ పట్టినా, ఆ మేర కాంక్రీటు నల్లబడినా తేమ నేలలోంచి వస్తోందన్నమాట. కాగితం పైన చెమ్మ వుంటే అది గదిలోని గాలిది. ఒక్క చోట కాదు, నాలుగు మూలలా చెయ్యండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మంచు కరిగేటప్పుడు చేస్తే అసలు రంగు బయటపడుతుంది. ఎక్కడైనా సున్నంలాంటి తెల్లని పొడి కనిపిస్తే నీరు అక్కడ వచ్చి ఆరిపోతోందని గుర్తు. ఈ పరీక్షలో చెమ్మ కనిపించకపోయినా పూర్తి హామీ కాదు. ఎక్కువ డబ్బు పెట్టబోయేవారు కాంక్రీటులో చిన్న రంధ్రం చేసి తేమ కొలిచే పనివారిని పిలవడం మంచిది.

నీరు వస్తోందని తేలితే నేల సంగతి పక్కన పెట్టి యింటి బయటికి వెళ్ళండి. చాలా యిళ్ళలో జబ్బు అక్కడే వుంటుంది. చూరునీటి గొట్టం పునాది పక్కనే నీళ్ళు కుమ్మరిస్తుంటే దాన్ని దూరంగా పొడిగించాలి. గోడనుంచి 10 అడుగుల దూరంలో 6 అంగుళాలైనా నేల వాలుగా వుండాలి. లోపల గోతిలో పంపు వుంటే అది పనిచేస్తోందో లేదో బకెట్టు నీళ్ళు పోసి చూడాలి. వాళ్ళూ దాన్ని సంపు అనే అంటారు. మన సంపు నీళ్ళు దాచుకోవడానికి, వాళ్ళది నీళ్ళు తోడి పారెయ్యడానికి.

ఈ సోదరి ఉత్తరంలో నన్ను ఉలిక్కిపడేట్టు చేసిన వాక్యం ఒకటుంది. "ఇల్లు 1961లో కట్టినది. ఒక మూల 9 అంగుళాల చదరపు పలకలు కొన్ని యింకా అంటుకుని వున్నాయి, మావారు ఆదివారంనాడు గీకి పారేస్తామన్నారు" అని. అమ్మా, ఆ పని ముందు ఆపించండి! ఆ కాలంలో ఆ కొలత పలకల్లో రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, కలిపేవారు. వాటిని అంటించిన నల్లని జిగురులోనూ వుండేది. పలక పగలకుండా వున్నంతకాలం భయంలేదు. గీకినా, పగలగొట్టినా, పొడిగా చీపురుతో ఊడ్చినా ఆ నార గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అర్హత వున్నవారిచేత ఒక ముక్క పరీక్ష చేయించండి. రాతినార వుందని తేలినా, పలకలు గట్టిగా వుంటే వాటిని కదపకుండా పైన కొత్త నేల వేసి కప్పెయ్యడం అంగీకరించిన పద్ధతే.

ఇంకో పరీక్ష కూడా నేల మూసెయ్యకముందే చెయ్యాలి. మట్టిలోంచి రాడాన్ అనే వాయువు వస్తుంది. రంగూ వాసనా లేవు, రేడియో ధార్మికత మాత్రం వుంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సరుకు పొగతాగడం మొదటి కారణమైతే యిది రెండోది. అక్కడి పర్యావరణ సంస్థ లెక్కలో ఏటా సుమారు 21,000 మరణాలకు యిదే కారణం. లీటరు గాలికి 4 పికోక్యూరీలుగాని అంతకు మించిగాని వుంటే సరిచెయ్యమని ఆ సంస్థ చెబుతుంది. పరీక్ష డబ్బా దుకాణాల్లో దొరుకుతుంది. ఎక్కువని తేలితే కాంక్రీటు కిందనుంచి గొట్టం వేసి, ఫ్యానుతో ఆ గాలిని యింటికప్పు పైకి పంపిస్తారు. కొత్త నేల వేశాక దాన్ని తవ్వే కన్నా ముందు చేయించుకోవడం తేలిక.

ఇవన్నీ అయ్యాక పైన పరిచేవాటి సంగతి.

కార్పెట్టు: కాలికి వెచ్చన, నిజమే. కాని కాంక్రీటుమీద నేరుగా వేస్తే గది వేడి కిందికి దిగదు గనక కాంక్రీటు మరింత చల్లబడుతుంది, తేమంతా కార్పెట్టు అడుగున చేరుతుంది. మా అబ్బాయి పక్కింటివారు పన్నెండేళ్ళ నాటి కార్పెట్టు చుట్టి బయట వేసినప్పుడు చూశాను. పైన లేత గోధుమరంగు, చూడముచ్చటగా వుంది. అడుగున నల్లని బూజు. ఆ యింటి పిల్ల ప్రతి చలికాలం దగ్గుతూనే వుండేదట. ఉబ్బసం వున్న పిల్లవాడు తిరిగే చోట గోడకు గోడకు పరిచే కార్పెట్టు వద్దనే నా సలహా. ఒకసారి నీళ్ళు వచ్చి తడిస్తే 24 నుంచి 48 గంటల్లో పూర్తిగా ఆరకపోతే బూజు ఖాయం.

చెక్క: అసలు కర్ర పలకలు నేలమట్టానికి దిగువన వెయ్యరాదని చెక్కనేలల వృత్తివారే చెబుతారు. చెక్కలా కనిపించే లామినేటు లోపల నొక్కిన కర్రపొట్టే వుంటుంది. నీరు తగిలితే అప్పడంలా ఉబ్బుతుంది.

టైల్సు: నీటికి వీటిని మించినవి లేవు. వరద వచ్చినా తుడిచి ఆరబెట్టుకోవచ్చు. కాని చల్లన. కింద విద్యుత్తు తీగల చాప పరిచి వెచ్చబెట్టుకోవచ్చు. చదరపు అడుగుకు సుమారు 12 వాట్ల లెక్కన 100 అడుగులకు 1200 వాట్లు, మన యిస్త్రీపెట్టె కన్నా కాస్త ఎక్కువ. తీగల కింద వేడి దిగకుండా అడ్డు వెయ్యకపోతే మీరు డబ్బిచ్చి కొన్న వేడిలో చాలా భాగం భూదేవికి సమర్పయామి.

వినైలు పలకలు: ఒకదానికొకటి తగిలించుకునే రకం బేస్‌మెంటుకు అనువైనదే. జిగురుతో అంటించే రకం వద్దు, కాంక్రీటు చెమ్మలోని క్షారం జిగురును తినేస్తుంది. రాతిపొడి కలిపిన గట్టి రకం బరువుకు నొక్కుకోదు, కాని కాస్త చల్లన. నురుగు కలిపిన మందపు రకం మెత్తన, వెచ్చన. ఏదైనా నేరుగా కాంక్రీటుమీద వేస్తే చలి తప్పదు. వెచ్చదనం పైపలకలో లేదు, దాని కింద వేసేదాంట్లో వుంది.

కింద వేసేవి రెండు పద్ధతులు. ఒకటి, అడుగున బుడిపెల ప్లాస్టిక్కు అంటించిన చెక్కబోర్డులు. బుడిపెల మధ్య గాలి ఆడుతుంది, కాలు కాంక్రీటుకు తగలదు. ఎత్తు అంగుళం లోపే. పని తేలిక, వెచ్చదనం మాత్రం ఒక మోస్తరు. రెండోది, అంగుళం మందాన గట్టి ఫోము బోర్డులు. మన థర్మోకోల్‌కు అన్నగారు అనుకోండి, నడిస్తే అణగదు. వాటి అతుకులకు టేపు వేసి, పైన అర అంగుళం ప్లైవుడ్డు రెండు వరసలు అతుకులు కలవకుండా బిగిస్తారు. చలి ఆపడంలో యిది మొదటిదాని కన్నా చాలా మెరుగు, తేమ గాలి చల్లని కాంక్రీటును తాకనివ్వదు గనక చెమ్మా పట్టదు. నీరు ఊరే నేలమీద మాత్రం ఈ రెండూ పనికిరావు. అందుకే ముందు అంతగా చెప్పాను.

రెండో పద్ధతిలో నేల రెండుంబావు అంగుళాలు లేస్తుంది. హాలంతా లేపితే మెట్లలో ఆఖరిది పొట్టిదవుతుంది. మెట్ల ఎత్తులో తేడా 10 మిల్లీమీటర్ల లోపే వుండాలని అక్కడి కట్టడాల నియమం, ఎందుకంటే కాలు అలవాటుకొద్దీ పడుతుంది. రాత్రిపూట దిగే పెద్దవారికి ఆ పొట్టిమెట్టే గండం. కాబట్టి హాలు జోలికి పోకుండా గది వరకే నేల లేపి, గుమ్మం దగ్గర నడవడానికి వీలుగా చిన్న వాలు పెట్టించండి. వాలు వేరే రంగులో వుంటే కంటికి ఆనుతుంది.

ఇక ఈ సోదరికి నా లెక్క యిది. పెద్దవారి గదికి ఫోము, ప్లైవుడ్డు, పైన మందపు రకం వినైలు. స్నానాల గదికి వెచ్చబెట్టే చాపతో టైల్సు, గది చిన్నది గనక కరెంటు ఖర్చూ తక్కువే. బాయిలరు, బట్టలుతికే యంత్రం వున్న వైపు ఒట్టి కాంక్రీటే వుంచండి, నీరు పోయే తూము మూయకండి. డబ్బు సరిపోకపోతే గది చిన్నది చెయ్యండి, కింది పొర మానకండి. పైపలకలు అయిదేళ్ళ తర్వాతయినా మార్చుకోవచ్చు. వేసవి అంతా తేమ లాగే యంత్రం నడపండి. గాలిలో తేమ 30, 50 శాతాల మధ్య వుంటే మంచిది, 60 దాటనివ్వకండి. కొలిచే చిన్న గడియారం గోడకు తగిలిస్తే మామగారే రోజూ చూసి చెబుతారు, పెద్దవారికి ఒక పనీ దొరుకుతుంది.

కాళ్ళకింద మెత్తగా వుండాలంటే ఊరినుంచి వచ్చేటప్పుడు వరంగల్ జంపఖానా ఒకటి తెమ్మని చెప్పండి. ఎత్తి దులిపి ఎండలో వేసుకోవచ్చు, కార్పెట్టుతో అది కుదరదు. అడుగున రబ్బరు అంటించిన చాపలు మాత్రం వద్దు, వినైలుమీద మచ్చ పడుతుంది. దేవుడి దగ్గర ఒక గ్రానైటు పలకగాని యిత్తడి పళ్ళెంగాని వేసి దానిమీద దీపం పెట్టమనండి. వినైలు ప్లాస్టిక్కే, వెలిగే కర్పూరం పడితే కాలి గుంట పడుతుంది.

నేల కన్నా ముఖ్యమైన సంగతి ఒకటి మిగిలింది. పడకగది అన్నాక నిప్పు అంటుకుంటే బయటపడే కిటికీ వుండాలి. అక్కడి కోడు ప్రకారం దాని అంచు నేలనుంచి 44 అంగుళాలకు మించకూడదు, తెరిస్తే మనిషి దూరేంత వుండాలి. అది లేనిదే ఆ గదిలో ఎవరినీ పడుకోబెట్టకండి. కిటికీ పెద్దదైతే వెలుతురూ వస్తుంది. ఉదయం లేవగానే చెట్టో ఆకాశమో కనబడిన గదిని ఎవరూ పాతాళం అనరు.

చివరి మాట మీ బెంగ గురించి. పని మొదలుపెట్టకముందే మీ అత్తగారికి ఫోను చేసి, "అత్తయ్యా, కింద గది చేయిస్తున్నాం, దేవుడి గూడు ఏ వైపు పెట్టించమంటారు?" అని అడగండి. పలకల రంగు నమూనాలు పంపించండి. తన మాటతో తయారైన గదిలోకి ఆవిడ దిగడం వేరు, మీరు చూపించిన గదిలోకి దిగడం వేరు.

వచ్చే వారం: వానాకాలంలో పప్పులకూ పిండ్లకూ పురుగు పట్టకుండా ఏం చెయ్యాలని ఏలూరు పాఠకురాలు అడిగిన ప్రశ్నకు జవాబు.